ఓల్డ్ సేరమ్ నియోజకవర్గము – కృష్ణాతీరపు వజ్రము

ఎన్.టి.ఆర్. జిల్లా పటమును ముందిడుకొని చూచినచోఁ దిరువూరు ఉత్తరపుటంచున, తెలంగాణ సరిహద్దు నానుకొని కానవచ్చును. అందుండి దక్షిణముగా దృష్టిని సారించినచో, కృష్ణకుఁ జేరువను, నందిగామకును విజయవాడకును నడుమఁ బరిటాల యను గ్రామము కలదు. తిరువూరు శాసనసభకు సభ్యు నొక్కని నెన్నుకొను నియోజకవర్గము. పరిటాల పూర్వము వజ్రపుగనులకుఁ బేరొందిన చోటు. 2022 ఏప్రిల్ 4 వ తేదీని కృష్ణాజిల్లా విభజింపఁబడినప్పుడు ఈ రెండును ఒక్క జిల్లాలోనే చేరినవి. ఈ రెంటికిని, ఇంగ్లండు దేశమున విల్ట్‌షైరు మండలమందలి యొక పాడుదిబ్బకును సంబంధము కలదన్నచో వినువారి కాశ్చర్యము కలుగక మానదు.

ఆ దిబ్బ పేరు ఓల్డ్ సేరమ్. అది 1832 వఱకును బ్రిటిషు పార్లమెంటునకు ఇద్దఱు సభ్యులను బంపుచుండిన నియోజకవర్గము. కాఁపురములు లేని చోటు ఇద్దఱు ప్రతినిధులను బంపుటయు, ఆ ప్రతినిధులు కూర్చుండిన సభ లక్షలకొలఁది జనులుగల కృష్ణామండలమునకు శాసనములు చేయుటయు, ఆ మండలమువారిలో నొక్కనికైనను ఓటు లేకుండుటయు — ఈ మూఁడును ఏకకాలమున జరిగినవి.

ఇంగ్లండు చరిత్రము చెప్పునప్పుడు మన పాఠశాలలలో ఓల్డ్ సేరమును ఒక వింతగాఁ బేర్కొని విడిచివేయుట కలదు. దానికిఁదోడు మఱియొక వాడుకయు వినఁబడుచుండును: మద్రాసు గవర్నరైన తామసు పిట్టు మన వజ్రము నమ్మిన ధనముతో ఆ నియోజకవర్గమును గొనె నని. ఈ మాట యెంతవఱకు నిజమో తేదీలను బట్టి పరిశీలించి, పిదప ఆ నియోజకవర్గ చరిత్రమునుండి మనము గ్రహింపఁదగిన దేమో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఓల్డ్ సేరమ్ పుట్టుకయు క్షయమును

ఓల్డ్ సేరమ్ అనఁగా ‘పాత సేరము’ అని యర్థము. క్రీస్తునకుఁ బూర్వమే అది మట్టికోటగా నేర్పడినది. 1066 లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత ఆ గట్టుమీఁద దుర్గమును, పిమ్మటఁ బెద్ద దేవాలయమును గట్టిరి. ఆ దేవాలయము 1092 లో ప్రతిష్ఠింపఁబడెను. కొంతకాలము ఊరు వర్ధిల్లెను. కాని గట్టుపై నీరు చాలదు, గాలి మెండు, దుర్గమందలి భటులకును దేవాలయమందలి యాచార్యులకును సరిపడదు. ఈ కారణములచే 1220 లో గట్టు క్రిందఁ గల మైదానమున నూతన దేవాలయమునకు శంకుస్థాపన జరిగెను. దానిచుట్టు వెలసిన పట్టణమే నేఁటి సాల్స్‌బరి. దేవాలయము వెంట వర్తకులును, వర్తకులవెంటఁ దక్కినవారును దిగిపోయిరి. పాతయూరి రాళ్ళు సయితము క్రొత్తయూరి కట్టడములకుఁ దరలింపఁబడెను.

విశేష మేమనఁగా, ఊరు క్షీణింపసాగిన తరువాతనే దానికి ఓటు వచ్చినది. మొదటి ఎడ్వర్డు రాజు 1295 లో గూర్చిన పార్లమెంటునకు ఓల్డ్ సేరమ్ ఇద్దఱు ప్రతినిధులను బంపెను. జనులు వలసపోయినను హక్కు వలసపోలేదు. క్రొత్త పట్టణమైన సాల్స్‌బరి తన యిద్దఱిని దాను వేఱుగాఁ బంపుచుండెను. పాత దిబ్బ తన యిద్దఱిని దాను బంపుచుండెను.

ఇట్లగుటకు హేతువును బాగుగా గుర్తింపవలెను. ఆకాలపు పట్టణ నియోజకవర్గములకు ఇంగ్లీషున ‘బరో’ యని పేరు. బరోలన్నింటిలో ఓటు ఒక్కరీతి నుండెడిది కాదు. కొన్నింట పన్ను చెల్లించువారికిని, కొన్నింట పురసంఘ సభ్యులకును, కొన్నింట ‘బర్గేజి’ యను పాత పట్టా స్థలములు గలవారికిని ఓటుండెను. ఓల్డ్ సేరమ్ ఈ కడపటి తెగలోనిది. స్థలముమీఁద ఇల్లుండ నక్కఱలేదు. స్థలస్వామి ఆ యూర వసింప నక్కఱలేదు. స్థలము పట్టా యతని పేర నున్నఁ జాలును. కావున ఓటు మనుష్యునిది కాదు, మంటిది. మన్ను కొన్నవానికి ఓటును లభించును. స్థలము లన్నియు నొక్కఁడే కొన్నచో, ఎన్నికకు ముందు తన బంధుమిత్రుల పేరను, సేవకుల పేరను వానిని వ్రాసి, వారిచేఁ దన యిష్టము వచ్చినవారికి ఓటు వేయించుకొనఁగలఁడు.

ఎన్నికయు దిబ్బమీఁద జరుగుట లేదు. క్రింది పొలములో నొక పెద్ద చెట్టుక్రిందఁ గొలఁదిమంది గూడి ముగించెడివారు. ఆ చెట్టును జనులు ‘పార్లమెంటు చెట్టు’ అని పిలిచిరి. 1831 లో, అనఁగా రద్దగుటకు ముందటి యేఁట, అచ్చటి ఓటర్లు పదునొకండ్రు. వారందఱును స్థలములు గలవారే, వేఱుచోట్లఁ గాఁపురమున్నవారే. ఆ కాలముననే మాంచెస్టరు వంటి మహానగరమునకు పార్లమెంటులో నొక్క స్థానమైనను లేదు.

తామసు పిట్టు ఓల్డ్ సేరమును గొనుట

తామసు పిట్టు 1653 లో జన్మించెను. యౌవనమున 1674 లో హిందూదేశమునకు వచ్చి, ఒడిస్సా తీరమందలి బాలసోరు రేవున వ్యాపార మారంభించెను. ఈస్టిండియా కంపెనీకి రాజశాసనము వలన సంక్రమించిన యేకస్వామ్యమును లెక్కసేయక సొంతముగా వర్తకము చేయువారిని కంపెనీవారు ‘ఇంటర్‌లోపరు’ లనెడివారు. అనఁగా హక్కు లేక నడుమఁ జొచ్చినవారు. పిట్టు వారిలో మొదటి వరుసవాఁడు. కంపెనీవా రతనిపై వ్యాజ్యము తెచ్చి జుల్మానా వేయించిరి. అయినను అంతకు ముందే యతఁడు ధనవంతుఁ డయ్యెను.

ఆ ధనముతో 1690 ప్రాంతమున నతఁడు విల్ట్‌షైరులో స్ట్రాట్‌ఫర్డు భూస్థితిని, దానితోఁబాటు ఓల్డ్ సేరమ్ బర్గేజి స్థలములను గొనెను. అందుండి తానే పార్లమెంటు సభ్యుఁ డయ్యెను. నిన్నటి శత్రువు నేఁడు సభలోఁ గూర్చుండుట చూచి కంపెనీవారు సంధి చేసికొని, 1698 లో నతనినే మద్రాసునందలి సెంటు జార్జి కోటకు గవర్నరుగాఁ బంపిరి. 1709 వఱకు నతఁ డా పదవియం దుండెను.

వజ్రము తేదీలు

వజ్రకథ యిట్లున్నది. 1701 చివర జమ్‌చందు అను రత్నవర్తకుఁడు సాన పట్టని పెద్ద వజ్రము నొకదానిని మద్రాసునకుఁ దెచ్చి గవర్నరునకుఁ జూపెను. మొదట 2,00,000 వరాహము లడిగి, పలుమాఱులు బేరమాడిన పిదప 1702 లో 48,000 వరాహములకు ఇచ్చివేసెను. రత్నములఁ దూఁచుట కాకాలపు యూరోపియను వర్తకులు వాడిన ‘మాంజెలిను’ అను తూనిక మాట మన ‘మంజాడి’ యే. సాన పట్టకమునుపు ఆ వజ్రము బరువు 410 క్యారట్లు. పిట్టు తన కుమారుఁడు రాబర్టుచే దాని నింగ్లండునకుఁ బంపెను. 1704 మొదలు 1706 వఱకు సాన పట్టఁగా 140 క్యారట్లకుఁ గొంచెము మించి నిలిచెను. 1717 లో ఫ్రాన్సు రాజ్యమునకు రాజప్రతినిధియైన ఓర్లియను ప్రభువు దానిని 1,35,000 పౌనులకుఁ గొనెను. అందుచేతనే దానికి ‘రీజెంటు వజ్రము’ అను పేరు స్థిరపడినది.

ఆ వజ్రము పరిటాల గనులలో దొరకినదని కొందఱును, ఆవలి యొడ్డున కొల్లూరు గనులలో దొరకినదని మఱికొందఱును వ్రాసియున్నారు. రెండును కృష్ణాతీరములే. గనిలోఁ బనిచేయు దాసుఁ డొకఁడు తన కాలిగాయములో దానిని దాఁచుకొని పాఱిపోయె ననియు, నావికుఁ డొకఁడు వానిని జంపి రాయి నపహరించె ననియు నొక కథ కలదు. ఇది జనశ్రుతియే కాని ప్రమాణసిద్ధము కాదు. పిట్టు వజ్రము నన్యాయముగా సంపాదించె నని యింగ్లండున నపవాదు పుట్టఁగా, అతఁడు స్వదేశమునకుఁ బోవుచు 1710 లో నార్వే దేశమందలి బెర్గెనులో నుండి, తాను బేరమాడిన విధమంతయు దైవసాక్షిగా వ్రాసి యుంచెను.

ఇప్పుడు తేదీలను సరిపోల్చి చూతము. ఓల్డ్ సేరమ్ కొనుట 1690 ప్రాంతము. వజ్రము కొనుట 1702. వజ్ర మమ్ముట 1717. కావున వజ్రపు ధనముతో ఓల్డ్ సేరమును గొనె ననుమాట కాలవిరుద్ధము. వజ్ర మమ్మిన యేఁటనే పిట్టు కార్నువాలు మండలమున బొకనాకు అను మఱియొక పెద్ద భూస్థితిని 54,000 పౌనులకుఁ గొనెను. వజ్రము కొనిపెట్టినది ఆ భూస్థితి. ఓల్డ్ సేరమును గొన్నది మాత్రము అంతకు ముందటి హిందూదేశ వ్యాపారధనము.

ఇట్లు వాడుకమాట తేదీల యెదుట నిలువదు. కాని దానిలోని సారము పూర్తిగా నసత్యము కాదు. మన తీరముల వర్తకలాభము ఓల్డ్ సేరము స్థానమును గొనెను. ఆ స్థానము పిట్టునకుఁ గంపెనీతో రాజీపడుటకు బలమిచ్చెను. ఆ రాజీ గవర్నరు పదవి నిచ్చెను. ఆ పదవి వజ్రమును చేతి కందించెను. ఆ వజ్రము వంశమునకు స్థిరమైన యైశ్వర్యము నిచ్చెను. ధనము స్థానమునకును, స్థానము ధనమునకును మెట్లయి యొండొంటిని బెంచినవి. అపవాదుకంటె నీ క్రమమే విచారింపఁదగినది. ఏలయనఁగా దీనిలో నెవ్వరును దొంగతనము చేయలేదు. అంతయు నాకాలపు చట్టమునకు లోఁబడియే జరిగినది.

పిట్టు వంశీయులు ముగ్గురు

తామసు పిట్టు మనుమఁడు విలియము పిట్టు 1735 లో, ఇరువదియాఱేండ్ల వయస్సున, ఓల్డ్ సేరమునుండి తొలిసారి పార్లమెంటున నడుగుపెట్టెను. స్థలము లప్పు డతని యన్న చేతిలో నుండెను. కావున ఓటర్ల నడిగిపుచ్చుకొను శ్రమ లేకపోయెను. 1747 వఱకు నతఁ డా స్థానముననే యుండెను. పిదప నేడేండ్ల యుద్ధమును నడపిన మంత్రి యితఁడే. ఆ యుద్ధములోనే, 1759 ఏప్రిలులో, కర్నలు ఫోర్డు మచిలీపట్టణపు కోటను ఫ్రెంచివారినుండి పట్టుకొనెను. కృష్ణామండలము ఇంగ్లీషువారి వశమగుట కది తొలిమెట్టు.

ఓల్డ్ సేరమ్ మెట్టుపై నడుగిడి పైకెక్కిన యీ విలియము పిట్టే 1766 లో పార్లమెంటులో మాటలాడుచు, ఇట్టి బరోలు రాజ్యాంగమునందుఁ గుళ్ళిన భాగమనియు, అవి నూఱేండ్లు నిలువఁజాలవనియు, తమంతఁ దాము రాలకున్నచోఁ గోసివేయవలసివచ్చు ననియుఁ జెప్పెను. ‘కుళ్ళిన బరో’ యను పేరు చరిత్రములో స్థిరపడినది. అతని మాట దప్పలేదు. మఱి యఱువదియాఱేండ్లకే ఆ భాగము కోసివేయఁబడెను.

అతని కుమారుఁడు చిన్న విలియము పిట్టు ప్రధానమంత్రియై 1785 లో నొక బిల్లు తెచ్చెను. ముప్పదియాఱు కుళ్ళిన బరోలను రద్దుచేసి, వాని స్వాములకుఁ బరిహారముగాఁ బది లక్షల పౌనులు చెల్లింపవలె నని దాని సారము. సభ 174 కి 248 ఓట్లతో దానిని ద్రోసివేసెను. బిల్లు ఓడిపోయిన విషయముకంటెఁ బరిహారపు మాట యధికముగా గమనింపఁదగినది. సంస్కారము కోరినవాఁడు సయితము ఓటును సొత్తుగా నంగీకరింపవలసి వచ్చెను. భూమి తీసికొన్నచో వెల యీయవలెఁ గదా, ఓటు తీసికొన్నను వెల యీయవలె నని యాకాలపువారి తర్కము. ఆ యేఁటనే ఫిబ్రవరిలో ఎడ్మండు బర్కు ఆర్కాటు నవాబు ఋణములనుగూర్చి చేసిన ప్రసిద్ధోపన్యాసములో, మద్రాసున వడ్డీవ్యాపారముచే ధనార్జన చేసిన పాల్ బెన్‌ఫీల్డు ఎనమండుగురు సభ్యులను బార్లమెంటునకుఁ దెచ్చె నని యారోపించెను. కర్ణాటక దేశపు రైతుల శిస్తు ఇంగ్లండున ఓట్లుగా మాఱుచున్న దని యా యుపన్యాసపు భావము.

కడపటి స్వాములు

పిట్టు వంశమున రెండవ కామెల్‌ఫర్డు ప్రభువు 1801 లో జాన్ హార్న్ టూకు అను ప్రసిద్ధ సంస్కారవాదిని ఓల్డ్ సేరమునుండి సభకుఁ బంపెను. టూకు పూర్వము మతాచార్యుఁడు. అతనిని వారింపఁ దలఁచి పార్లమెంటు ఆ యేఁటనే మతాచార్యులు సభ్యులు గారాదని చట్టము చేసెను. రాజ్యాంగమును విమర్శించువాఁడే కుళ్ళిన బరో ద్వారమున సభలోఁ బ్రవేశించుట యొక విపరీతము. స్వామి తలఁచినచో నెవ్వరినైనను బంపఁగలఁ డనుట కంతకంటె నిదర్శన మక్కఱలేదు.

1802 లో ఓల్డ్ సేరమ్ మరల నమ్మఁబడెను. కొన్నవాఁడు ఐర్లండు దేశీయుఁడైన రెండవ కేలెడను ప్రభువు డ్యూప్రే అలెగ్జాండరు. వెల 60,000 పౌనులని చెప్పుదురు. భూమివలన వచ్చు ఆదాయ మేఁటికి 700 పౌనులు మించదు. తక్కిన వెల యంతయు మంటికిఁ గాదు, దాని నంటుకొనియున్న రెండు పార్లమెంటు స్థానములకు.

ఈ క్రొత్త స్వామియొక్క తండ్రి ఈస్టిండియా కంపెనీ కొలువులో ధనము గడించినవాఁడు. ‘డ్యూప్రే’ యను పేరు, 1770 మొదలు 1773 వఱకు మద్రాసు గవర్నరుగా నుండిన జోసయా డ్యూప్రే యను బంధువు పేరు. 1802 మొదలు 1812 వఱకు ఓల్డ్ సేరమ్ సభ్యుఁడుగా నుండిన నికొలసు వాన్సిటార్టు, బెంగాలు గవర్నరు హెన్రీ వాన్సిటార్టు కుమారుఁడు. అతని తరువాత స్థానములు చాలవఱకు అలెగ్జాండరు కుటుంబములోనే నిలిచినవి. ఇట్లు ఈ నియోజకవర్గపు తుది నూటనలువదేండ్ల చరిత్రము హిందూదేశపు ధనముతోఁ బ్రారంభమై హిందూదేశపు ధనముతోనే ముగిసెను.

1832 జూన్ 7 వ తేదీని సంస్కారశాసనము రాజామోదము పొందెను. ఏఁబదియాఱు బరోలు పూర్తిగా రద్దయ్యెను. వానిలో ఓల్డ్ సేరమ్ ఒకటి. చిన్న పిట్టు సూచించిన పరిహార మీమాఱు చెల్లింపఁబడలేదు. సొత్తని యెంచఁబడిన ఓటు సొత్తుకాదని శాసనము పలికెను. ఐనను అప్పటికిని ఇంగ్లండున శ్రామికులకు హక్కు చిక్కలేదు. రహస్యముగా ఓటు వేయు పద్ధతి 1872 లోను, స్త్రీలకు పురుషులతో సమానమైన హక్కు 1928 లోను మాత్రమే వచ్చినవి.

అదే కాలమునఁ గృష్ణాతీరము

ఇఁక మన దేశమునకు మరలుదము. ఫ్రెంచి వర్తకుఁడు తావెర్నియే పదునేడవ శతాబ్దమునఁ గొల్లూరు గనులను దర్శించి, అందుఁ బురుషులును స్త్రీలును బాలురును గలసి దాదాపు 60,000 మంది పనిచేయుచుండి రని వ్రాసెను. ఓల్డ్ సేరమ్ ఓటర్లు పదునొకండ్రు. ఈ రెండంకెలను బ్రక్క ప్రక్కను బెట్టి చూచినచో నాకాలపు లోకస్థితి తెల్లమగును.

మచిలీపట్టణము పట్టువడిన తరువాత, 1765 నాఁటి ఢిల్లీ పాదుషా ఫర్మానువలనను, 1766, 1768 సంవత్సరముల నిజాము సంధులవలనను ఉత్తర సర్కారులు కంపెనీవారివైనవి. కాని వజ్రపుగనులపై నాశచే నిజాము పరిటాల మొదలగు కొన్ని గ్రామములను దనకే నిలుపుకొనెను. చుట్టును ఇంగ్లీషువారి సీమ, నడుమ నిజాముగారి దీవి — ఈ స్థితి రమారమి నూట ఎనుబదియేండ్లు సాగెను.

ఓల్డ్ సేరమ్ రద్దయిన 1832 వ సంవత్సరము మనకు నందన నామ సంవత్సరము. కృష్ణ కావలియొడ్డున గుంటూరు మండలము నా యేఁడు దుర్భిక్షము పట్టినది. దానినే ‘నందన కఱవు’ అనియు, ‘డొక్కల కఱవు’ అనియు మనవారు చెప్పుకొందురు. లక్షకు మించిన జనులు నశించిరి. లండనులో ఓటును గూర్చి వీధివీధిని వాదములు జరుగుచున్న కాలమున, ఆ పార్లమెంటు పాలనలోనే యున్న యీ తీరమువారి యాఁకలిని సభలో విన్నవించుటకుఁ దమ ప్రతినిధి యనువాఁ డొక్కఁడును లేకపోయెను. కాఁపురములు లేని దిబ్బకు ఇద్దఱు. కఱవున మాడు మండలమునకు సున్న.

ఓటు మనకు వచ్చిన క్రమము

మన దేశమున నోటు చాల నెమ్మదిగా వచ్చినది. 1919 నాఁటి శాసనము ననుసరించి 1920 లో మద్రాసు శాసనసభకుఁ బ్రత్యక్షపు టెన్నికలు జరిగెను. 1921 లో మద్రాసు సభవారు స్త్రీలకును పురుషులతోపాటు ఓటు నంగీకరించి దేశమునకు మార్గదర్శకులైరి. 1935 నాఁటి శాసనముచేఁ 1937 ఎన్నికలలో ఓటర్ల సంఖ్య మఱికొంత పెరిగెను. ఐనను ఈ యెన్నికలన్నింటను హక్కునకు మూలము భూమిశిస్తో, పన్నో, ఆస్తియో, చదువో. కూలివాఁడు, పాలేరు, చర్మకారుఁడు — వీరిలో నధికసంఖ్యాకులకు ఓటు లేదు. ఓల్డ్ సేరమునఁ దెగిపోయిన ముడి, అనఁగా మంటికిని ఓటునకును గల ముడి, మన జిల్లాలలో నింకను సడలియు సడలక నిలిచెను.

పరిటాల మాట వేఱు. అది నిజాము రాజ్యములోని దగుటచే మద్రాసు శాసనసభ యెన్నికలే దానికి వర్తింపలేదు. 1947 లో దేశము స్వతంత్రమైనను నిజాము హిందూదేశమునఁ జేరఁడయ్యె. అప్పుడు పరిటాలవారును చుట్టుపట్ల గ్రామములవారును నిజాము పాలన మాకు వలదని, తమది స్వతంత్ర గణరాజ్యమని ప్రకటించుకొనిరి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమునఁ జేరువఱకు నా ప్రయత్నము సాగెను. పిదపఁ బరిటాల కృష్ణాజిల్లాలోఁ గలసినది. ఏ గనికొఱకు నవాబులును కంపెనీవారును పోరాడిరో, ఆ గనియూరివారు తమ్ముఁ దామే యేలుకొనఁ గోరి లేచుట మన జిల్లా చరిత్రములో మఱవరాని ఘట్టము.

1950 లో నమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన 326 వ అధికరణముచే వయస్సు వచ్చిన ప్రతివానికిని, ప్రతియామెకును ఓటు నిచ్చెను. అప్పటి వయఃపరిమితి 21 ఏండ్లు. 1989 నుండి 18 ఏండ్లు. 1952 లో జరిగిన మొదటి సాధారణ యెన్నికలలోఁ దిరువూరు మద్రాసు శాసనసభకు సభ్యు నెన్నుకొనెను. ఇల్లు లేనివాఁడును, సెంటు భూమి లేనివాఁడును, అక్షరము రానివాఁడును జమీందారుతో సమానముగా నొక్క ఓటు వేసెను.

తిరువూరు నిదర్శనము

తిరువూరు షెడ్యూల్డు కులములవారికిఁ బ్రత్యేకింపఁబడిన నియోజకవర్గము. 1989 లోఁ గాంగ్రెసు పక్షమునఁ గోనేరు రంగారావుగారును, 1994, 1999 లలోఁ దెలుగుదేశము పక్షమున నల్లగట్ల స్వామిదాసుగారును, 2004 లో మరలఁ గాంగ్రెసు పక్షమున రంగారావుగారును, 2009 లో నా పక్షముననే దిరిశం పద్మజ్యోతిగారును, 2014, 2019 లలో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమునఁ గొక్కిలిగడ్డ రక్షణనిధిగారును, 2024 లోఁ దెలుగుదేశము పక్షమునఁ గొలికపూడి శ్రీనివాసరావుగారును ఎన్నికైరి. 1989 మొదలు జరిగిన యెనిమిది యెన్నికలలో నాలుగుమాఱులు పక్షము మాఱెను. ఓల్డ్ సేరమున స్థలముల స్వామి మనస్సు మాఱినఁ గాని సభ్యుఁడు మాఱెడివాఁడు కాఁడు. తిరువూరున ఓటరు మనస్సు మాఱినఁ జాలును.

ఇందు మఱియొక విశేషము కలదు. కోనేరు రంగారావుగారు మంత్రిగా నుండి, రాష్ట్రమున భూమిలేని పేదలకు భూమి లభించు విధానములను బరిశీలించుటకు 2004 లో నేర్పడిన సంఘమున కధ్యక్షత వహించిరి. ఆ సంఘపు నివేదిక 2006 లో వెలువడెను. ‘కోనేరు రంగారావు కమిటీ’ యను పేరిట నది భూసమస్య చర్చలలోఁ బ్రసిద్ధమైనది. ఓల్డ్ సేరమున భూమి గలవాఁడు ఓటును పొందెను. తిరువూరున ఓటు పొందినవారు భూమి లేనివారికి భూమి యెట్లు లభించునని యడుగుటకుఁ దమ ప్రతినిధిని బంపిరి. నివేదిక యెంతవఱకు అమలయ్యె ననునది వేఱు విచారణ; ప్రశ్న సభవఱకుఁ బోఁగలిగినది.

గ్రహింపవలసినది

ఓల్డ్ సేరమును గూర్చి నవ్వుకొనుట సులభము. కాని దానిని జెఱిచినది యెవ్వరి దుష్టబుద్ధియుఁ గాదు. జనులు గట్టు దిగిపోయినను ఓటు లెక్క గట్టుపైననే నిలుచుటయే దానికిఁ గారణము. ప్రతినిధుల సంఖ్యను జనసంఖ్యతో మరల మరల సరిచూడకున్నచో నే నియోజకవర్గమైనను గాలక్రమమున నట్టి వైషమ్యమునకు లోనగును. మన రాజ్యాంగము దీని నెఱిఁగి జనాభా లెక్కల పిదప స్థానముల పునర్విభజన జరుపవలె నని విధించినది. ఐనను జననసంఖ్యను నియంత్రించిన రాష్ట్రములు నష్టపోరాదను న్యాయమైన హేతువుచే, రాష్ట్రములకుఁ జెందు లోకసభ స్థానముల సంఖ్య 1971 నాఁటి లెక్కలమీఁదనే నిలుపఁబడినది. ఆ నిలుపుదల 2026 తరువాతి మొదటి జనాభా లెక్కల వఱకని 2001 లో నిర్ణయింపఁబడెను. రాష్ట్రములలోపలి యెల్లలు మాత్రము 2001 నాఁటి లెక్కలను బట్టి 2008 లో సవరింపఁబడినవి. తలకొక ఓటు, ఓటున కొక్కటే విలువ యను ధర్మము నొకవైపునను, సత్పరిపాలన చేసినవారికి శిక్ష తగదను ధర్మము నింకొకవైపునను నిలిచియున్నవి. ఈ రెంటిని సమన్వయించుట సులభము కాదు. ఈ ప్రశ్నను విచారించువారు ఓల్డ్ సేరమును గుర్తుంచుకొనుట మేలు: అక్కడ లెక్కను అయిదునూఱేండ్లకుఁ బైగా తాఁకకుండుటయే రోగమయ్యెను.

ఉపాధ్యాయులకొక విన్నపము. ఈ విషయమును బాలురకుఁ జెప్పునప్పుడు ఓల్డ్ సేరమును ఇంగ్లండు దేశపు విచిత్రముగా మాత్రము చెప్పి విడువవలదు. పరిటాల పేరును, కొల్లూరు పేరును, నందన కఱవును దానితోఁ జేర్చి చెప్పవలెను. అప్పు డది యెక్కడిదో కథ కాక మనయింటి చరిత్రమగును. వజ్రము నమ్మి ఓటు కొనె నను వాడుకమాటను మాత్రము విడిచి, తేదీలు చెప్పిన క్రమమునే చెప్పవలెను. సత్యమే యిచట కథకంటె నెక్కువ బోధించును.

ఓల్డ్ సేరమ్ నేఁడు రాతిగోడల శిథిలములతోఁ జూపరులకొక దర్శనీయస్థలము. వజ్రము పారిసునందలి లూవ్రు ప్రదర్శనశాలలో నున్నది. కొల్లూరు పులిచింతల జలాశయమున మునిఁగినది. ఆ గనులలో మన్ను ద్రవ్విన యఱువదివేలమంది పేళ్ళు ఏ గ్రంథమునను లేవు. పరిటాలయందును తిరువూరునందును నేఁడు కాఁపురమున్నవారి పేళ్ళు మాత్రము, ఇంటింటివరుసను, ఓటర్ల జాబితాలలో వ్రాయఁబడియున్నవి. ఆ జాబితా యెంత సామాన్యమైన కాగితముగాఁ గనఁబడినను, దాని వెల వజ్రముకంటెఁ దక్కువది కాదని చరిత్ర మెఱిఁగినవా రంగీకరింతురు గాక.